ఫుల్ రెస్ట్

నేను పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. పెళ్ళై అత్తవారింటికి వెళ్ళింది కూడా ఆ కాలనీలోనే, రెండు వీధుల అవతలికి. మా తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. మగవాళ్ళు బళ్ళు నడిపారు, ఆడవాళ్ళు వాళ్ళకి క్యారేజీలు కట్టారు. కాబట్టి రెస్ట్ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. రాత్రంతా గూడ్సు నడిపి వచ్చిన డ్రైవరు పొద్దున్న పడుకున్నాడంటే ఆ క్వార్టరు ముందు కూరలవాడు కేక వెయ్యడు. పిల్లలు బంతి పట్టుకుని పక్క వీధికి పోతారు. కుక్కరు కూత పెడుతుందని ఇంట్లోవాళ్ళు అన్నం గిన్నెలో వండుతారు. డ్రైవరుకి నిద్ర చాలకపోతే ఏం జరుగుతుందో మా వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

అలాంటి రెస్ట్ నాకు జీవితంలో ఒక్కసారి దొరికింది. ఎందుకు దొరికిందా అని ఇప్పటికీ ఏడుస్తున్నాను.

ముందు నా బీఏ సంగతి చెప్పాలి. మొదటి సంవత్సరం చదువుతుండగా పెళ్ళి కుదిరింది. మా నాన్న శంకరరావుగారు గార్డుగా చేసేవారు, కాస్త గొప్పలకి పోయే మనిషి. శుభలేఖలో నా పేరు పక్కన బీఏ అని వేయించేశారు. "ఎలాగూ చదువుతావు కదే రాజీ. కాస్త ముందు వేయించేను, అంతే కదేటి?" అన్నారు. పెళ్ళయ్యాక నేను కాలేజీ గుమ్మం తొక్కలేదు. కానీ ఆ శుభలేఖ అందుకున్న వాళ్ళందరికీ నేను బీఏనే. తోడికోడళ్ళు పిల్లల అప్లికేషన్లు తెచ్చి "నువ్వు బీఏ కదా, ఓసారి చూడు" అనేవారు. అన్న ప్రతిసారీ ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. మా ఆయన రాంప్రసాద్‌గారికి నిజం తెలుసు. పాపం, ఎవరి ముందూ నోరు జారలేదు.

మా అమ్మాయి జ్యోతిర్మయి చదువు ముగించి భిలాయిలో ఉద్యోగంలో చేరాక, ఇంక నా వంతు అనుకున్నాను. ఓపెన్ యూనివర్సిటీలో బీఏ కట్టాను, హిందీ మీడియం. చచ్చేలోగా ఆ శుభలేఖని నిజం చెయ్యాలన్నది ఒక్కటే నా కోరిక. చదివి ఉద్యోగం చేస్తావా అని అడిగిన వాళ్ళకి ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని.

అక్కడొక రూలుంది. మూడేళ్ళ కోర్సు ఆరేళ్ళలో పూర్తిచెయ్యాలి. ఆ గడువు దాటితే పాసైన పేపర్లు కూడా లెక్కలోకి రావు, మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరాల్సిందే. ఆరేళ్ళంటే బోలెడు అనుకున్నాను. కరోనా కొంత తినేసింది. మా అత్తగారు మంగాయమ్మగారు మంచాన పడి, వెళ్ళిపోయేదాకా పుస్తకం ముట్టుకోలేదు. చివరికి మూడు పేపర్లు మిగిలాయి, ఒక్క అవకాశం మిగిలింది.

సరిగ్గా ఆ సమయంలోనే మా ఆయన కళ్ళు పోయాయి. పోయాయంటే గుడ్డివాడయ్యాడని కాదు. అప్పుడు అలా అనుకోలేదు. కంటి లోపలి పొర ఏదో దెబ్బతిన్నదన్నారు, కళ్ళజోడుకి లొంగేది కాదన్నారు. రైల్వే మెడికల్‌లో తప్పించేశారు. డ్రైవరు కళ్ళ పరీక్షలో తప్పితే ఉద్యోగం తియ్యరు, బండి మాత్రం ఇవ్వరు. ఒక కుర్చీ ఇస్తారు. ఆయనకి సిర్గిట్టి వైపు ఒక రైల్వే సామాన్ల స్టోర్లో కుర్చీ ఇచ్చారు. పొద్దున్న వెళ్ళి కూర్చుని సాయంత్రం లేచి వచ్చేవారు. ఏం పనండీ అని అడిగితే "కూచోడమే పని" అనేవారు. "బండి నడపడానికి పనికిరాదంతే. మిగతాదంతా బాగానే కనిపిస్తంది" అని నేను అడగకపోయినా చెప్పేవారు.

బండి పోయిన మనిషికి నా బీఏ దొరికింది. ఇంక నన్ను వదిలితే ఒట్టు.

డ్రైవరూ అసిస్టెంటూ ఇంజనులో ఊరికే కూర్చోరు. ఎదురుగా సిగ్నల్ కనిపించగానే దాని రంగు ఒకరు గట్టిగా చెప్పాలి, రెండోవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి. ఆయన ఆ పద్ధతి మా వంటింట్లో పెట్టారు. నేను కూర తరుగుతూ "పానిపట్టు మొదటి యుద్ధం, పదిహేను వందల ఇరవై ఆరు" అని అరవాలి. ఆయన గుమ్మంలో నిలబడి చెయ్యెత్తి అదే అరవాలి. పక్క క్వార్టరు అప్పయమ్మ పిన్ని ఒకరోజు పరిగెత్తుకొచ్చింది.

"ఏటమ్మా, మొగుడూ పెళ్ళాం యుద్ధం యుద్ధం అని కేకలేస్తన్నారు? కొట్టుకుంటన్నారేటి?"

నాకు ఒళ్ళు మండిపోయేది. ఏదో ఒక మూల కూర్చుని నా మానాన నేను చదువుకోవాలని ఉండేది. అది నా చదువు, నాది. నా పెళ్ళిలో నా ఇష్టం అడిగి చేసిన పని ఒక్కటీ లేదు, కనీసం ఇదైనా నా చేతుల్లో ఉండనివ్వండి అని నాలిక చివరిదాకా వచ్చేది. కానీ ఆయన మొహం చూస్తే నోరు లేచేది కాదు. "నువ్వే డ్రైవరువి రాజీ. నేను నీ అసిస్టెంటుని" అని మురిసిపోయేవారు. ముప్ఫై ఏళ్ళు బండి నడిపిన మనిషి నాకు అసిస్టెంటునని చెప్పుకుంటుంటే ఏమని తిడతాం?

ఒకటి మాత్రం విడ్డూరంగా ఉండేది. పుస్తకం ఎప్పుడూ ఆయన పట్టుకునేవారు కాదు. "నువ్వు చదువు, నేను వింటాను" అనేవారు. పనిదొంగ అని లోపల తిట్టుకున్నాను.

పరీక్షల టైంటేబులు వచ్చింది. ఫోన్లోనే వచ్చింది. ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కుని వరండాలోకి వెళ్ళి, కోడిలా తల పక్కకి వంచి చాలాసేపు చూశారు. లోపలికి వచ్చి మూడు తేదీలూ చెప్పారు. "మూడూ మధ్యాహ్నం బేచే" అన్నారు.

"ఇలా ఇవ్వండి, ఓసారి చూస్తాను" అన్నాను.

ఆ మాటకే మనిషి మొహం నల్లబడిపోయింది. "సిగ్నల్ చూడ్డానికి పనికిరానని ఆళ్ళన్నారు. తేదీ చూడ్డానికి కూడా పనికిరానని నువ్వనేసేయ్" అని ఫోను మంచం మీద పడేసి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు మాట్లాడలేదు. ఫోను మంచం మీదే ఉంది. నేను తియ్యలేదు. తీసి చూసుకుంటే అయిపోయేది, ఎవరూ అడ్డుపడలేదు. కానీ చూశానని ఆయనకి తెలిస్తే ఆ మనిషికి ఇంక ఈ ఇంట్లో ఏం మిగులుతుంది అనిపించింది. ఆయన చెప్పిన తేదీలే క్యాలెండరు మీద రాసుకున్నాను.

మొదటి రెండు పేపర్లూ ఆయన చెప్పిన తేదీల్లోనే, మధ్యాహ్నమే జరిగాయి. బాగా రాశాను. పరీక్ష రోజు ఆయన పెట్టే రూళ్ళు వింటే ఎవరైనా నవ్వుతారు. డ్యూటీలో ఉన్న డ్రైవరు ఫోను ఆపేసుకోవాలి, కాబట్టి లేచిన దగ్గర్నుంచీ నా ఫోను ఆఫ్. బండి టైముకి ముందే వెళ్ళి సంతకం పెట్టాలి, కాబట్టి పరీక్షకి గంట ముందే నేను సెంటర్లో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫుల్ రెస్ట్. డ్యూటీకి ముందు కంటినిండా నిద్రపోవాలి. మొదటి రెండుసార్లూ ఆయన స్టోరుకి వెళ్ళగానే నేను లేచి పుస్తకం పట్టుకున్నాను.

మూడో పేపరు ఆధునిక భారతదేశ చరిత్ర. ఆ రోజు ఆయన స్టోరుకి సెలవు పెట్టారు. తెల్లారే లేచి ఉప్మా తనే చేశారు, ఉప్పు మరిచిపోయారు. నేను స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి వచ్చేసరికి గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టేసి ఉన్నాయి.

"పడుకో" అన్నారు.

"నిద్దర రాదండీ. ఇంకోసారి చదువుకుంటాను."

"చదివిందంతా చదివీసేవు. ఇప్పుడు రెస్ట్ లేకపోతే అక్కడికెళ్ళి ఆవలిస్తావు. లేపే పూచీ నాది."

మంచం మీద వాలాను. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వీధిలో ఎవరి పిల్లలో గోల చేస్తుంటే "ఏయ్, చుప్! ఆంటీ రెస్ట్‌లో ఉంది, ఇవాళ ఎగ్జామ్" అని గదమాయించడం వినిపించింది. కరివేపాకు కోసం వచ్చిన అప్పయమ్మ పిన్నిని గేటు దగ్గరే ఆపేసి గుసగుసగా మాట్లాడి పంపేశారు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, ఈ మంచం మీద ఆయన పడుకున్నారు. ఇప్పుడు నేను పడుకున్నాను, నా నిద్రకి ఆయన కాపలా కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది, కాస్త కళ్ళు కూడా చెమర్చాయి. ఎంత చిరాకు పెట్టినా మంచి మనిషి దొరికాడు అనుకున్నాను. ఆ తృప్తితోనే నిద్ర పట్టేసింది. పెళ్ళయ్యాక పగటిపూట అంత గాఢంగా నిద్రపోవడం అదే మొదలు.

లేపి, అన్నం పెట్టి, ఆటో పిలిచారు. తనూ వస్తానన్నారు, నేను వద్దన్నాను. ఆటో కదిలేటప్పుడు గేటు దగ్గర నిలబడి బండికి సిగ్నల్ చూపినట్టు చెయ్యి చాచి ఊపారు. వ్యాపార్ విహార్ దగ్గర లారీలు అడ్డంగా పెట్టి బస్తాలు దింపుతున్నారు. ఆటో ఆగిపోయింది. అయినా నాకు కంగారు లేదు, గంట ముందే చేరేలా బయల్దేరాను కదా. మనసులో శాశ్వత శిస్తు విధానం చెప్పుకుంటూ కూర్చున్నాను.

సెంటరు నెహ్రూ నగర్ పక్కన ఒక కాలేజీ. నేను ఆటో దిగేసరికి జనం గేట్లోంచి బయటికి వస్తున్నారు. పొద్దుటి బేచి వాళ్ళు అనుకుని పక్కకి తప్పుకున్నాను. వాళ్ళలో శ్వేత కనిపించింది. నాతో పాటే చరిత్ర చదువుతున్న తెలుగు పిల్ల, వాళ్ళ నాన్న బొగ్గు కంపెనీలో ఇంజనీరు. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీజీ! ఆప్ కహా థీ? ఎక్కడున్నారు? పొద్దున్న నుంచి ఎన్ని కాల్స్ చేశానో! ఫోన్ స్విచ్ ఆఫ్ వస్తోంది."

"ఎందుకమ్మా?"

"పేపర్ అయిపోయింది ఆంటీ. మనది మార్నింగ్ కదా."

నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల చేతిలో ప్రశ్నపత్రం ఉంది. దాని మీద మా పేపరు పేరే ఉంది. అయినా అర్థం కాలేదు. గోడకి అంటించిన టైంటేబులు దగ్గరికి నన్ను చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళింది. మొదటి రెండు పేపర్లూ మధ్యాహ్నం. మూడోది ఉదయం. అక్షరాలు ఇంతింత లావున ఉన్నాయి. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తాయి.

లోపలికి వెళ్ళాను. సెంటర్ చూసే ఆయన కాగితాల కట్టలకి లక్క సీలు వేయిస్తున్నాడు. పెద్దాయన, చెడ్డవాడు కాదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు తెప్పించాడు. నేను ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. బతిమాలుకున్నాను. మధ్యాహ్నం బేచితో రాయనివ్వండి అన్నాను. నేల మీద కూర్చుని రాస్తానన్నాను. ఇది నా ఆఖరి అవకాశం, ఇది పోతే ఆరేళ్ళూ పోతాయి అన్నాను. కాళ్ళు పట్టుకోబోతే ఆయన గాభరాపడి లేచి నిలబడ్డాడు.

"బహన్‌జీ, మేరే హాథ్ మే కుఛ్ నహీ హై" అన్నాడు. నిజమే. ఆయన చేతిలో మాత్రం ఏముంది? సీలు వేసిన కట్ట ఉంది, అంతే.

శ్వేత తన ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టి వెళ్ళింది. గేటు బయట కల్వర్టు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం బేచి లోపలికి వెళ్ళింది. నేను అక్కడే ఉండిపోయాను. ఎంతసేపూ ఒకటే ఆలోచన: వెళ్ళగానే కడిగి పారెయ్యాలి. మిమ్మల్ని ఎవరు చూడమన్నారు? ఎవరు చెప్పమన్నారు? నాకు చదవడం రాదా? మీ రూళ్ళు, మీ ఫోను, మీ రెస్టు! నా పరీక్ష జరుగుతున్నంతసేపూ నా గుమ్మానికి కాపలా కూర్చుని నన్ను నిద్రపుచ్చారు కదండీ! ఆ మాటలు తిరగా మరగా నూరుకున్నాను. బేచి బయటికి వచ్చాక ఆటో ఎక్కాను. దారంతా నోట్లో ఆ మాటలే ఉన్నాయి.

ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆటో చప్పుడు వినగానే రోడ్డు మీదకి వచ్చేశారు.

"రాసీసేవా?"

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పక్క గేట్లోంచి అప్పయమ్మ పిన్ని గిన్నె పట్టుకుని వచ్చింది. "ఇదిగోనమ్మా, పరవాన్నం. మీ ఆయన పొద్దుట్నుంచీ ఒక్కటే గోల. నా పెళ్ళాం ఇయాల్టితో డిగ్రీ అయిపోద్దని మన క్వార్టర్ల లైనంతా చెప్పీసేడు. భిలాయికి ఫోన్ చేసి కూతురికి కూడా చెప్పేడు" అంది.

ఆయన సిగ్గుపడుతూ నవ్వారు. మెడికల్‌లో తప్పించాక ఆ నవ్వు నేను చూడలేదు. "నాదేటుంది పిన్నీ. రాసింది తనే. నేను రెస్ట్ ఇప్పించేను, అంతే" అన్నారు.

నూరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "రాసేనండీ" అన్నాను.

లోపలికి వెళ్ళాం. ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. మోకాళ్ళు తగిలేంత దగ్గర. "పేపరు తీయి. పైనుంచి చదువు. ఒక్క లైను వదలొద్దు. బండెక్కే ముందు కాగితం ఇస్తారు చూడు, ఎక్కడెక్కడ నెమ్మదిగా పోవాలో. దాన్ని అలాగే చదువుతాం. ఒక్క లైను వదిలితే కొంపలంటుకుంటాయి."

ప్రశ్నపత్రం విప్పాను. యూనివర్సిటీ పేరు చదివాను. పేపరు పేరు చదివాను. దాని కింద తేదీ, ఆ పక్కనే ఉదయం అని ఉంది. తేదీ చదివాను. ఆగాను.

"తర్వాత?"

"అంతేనండీ. తర్వాత ప్రశ్నలే" అన్నాను.

"కానీ, చదువు."

మొదటి ప్రశ్న శాశ్వత శిస్తు విధానం. దాని ఫలితాలు చెప్పమన్నారు. చెప్పాను. ఒక్కొక్కటీ వరసగా వచ్చేసింది. ఆయన ఒక్కొక్కదానికీ చెయ్యెత్తి తిరిగి చెప్పారు. రెండోది సిపాయిల తిరుగుబాటు. కారణాలన్నీ వచ్చేశాయి. మూడోది, మన దేశంలో రైల్వేలు వచ్చాక జరిగిన మార్పులు. ఆయన స్టూలు మీదనుంచి ఎగిరి గంతేసినంత పని చేశారు.

"చూసేవా! మన క్వశ్చన్! దీనికి ఫుల్ మార్కులు ఇవ్వకపోతే ఆడు మనిషే కాదు. ఏటి రాసేవు చెప్పు, చెప్పు."

చెప్పాను. బొగ్గు గురించి చెప్పాను, కరువు గురించి చెప్పాను, పొట్ట చేతబట్టుకుని ఊళ్ళకి ఊళ్ళు పట్టాల వెంట కదిలిపోవడం గురించి చెప్పాను. నా బతుకులో ఏ పరీక్షలోనూ అంత బాగా చెప్పలేదు. ఒక్క ప్రశ్న కూడా రాకపోవడం లేదు. అన్నీ వచ్చు. అన్నీ నాకు వచ్చు. చెబుతూ చెబుతూ ఉండగా కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. ఆపుకోవడానికి చూశాను, ఆగలేదు. గొంతు వణకనివ్వకుండా మాత్రం పట్టుకున్నాను. బుగ్గల మీదుగా కారి, గడ్డం నుంచి ఒళ్ళో ఉన్న కాగితం మీద పడుతున్నాయి. ఇంక దాచలేను, ఇప్పుడు అడుగుతారు, అడిగితే చెప్పేస్తాను అనుకుని తలెత్తాను.

ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. జానెడు దూరం నుంచి, సూటిగా, నవ్వుతూ చూస్తున్నారు.

కొంగు తీసుకోలేదు. తుడుచుకోలేదు. అలాగే ఆయన ఎదురుగా ఏడుస్తూ కూర్చున్నాను. ఆయన నవ్వు కొంచెం కూడా చెదరలేదు.

"శభాష్! ఫస్ట్ క్లాసే" అన్నారు. "ఆగిపోయేవేటే? తర్వాతది చదువు."

తర్వాతది చదివాను.